నీళ్లు ఎటు పోతున్నట్టు?

పైపులోకి నీళ్లు ఎప్పటిలాగే పోతున్నాయి, ఒత్తిడి మాత్రం పడిపోతోంది. కుసుమకు అది కొరుకుడు పడలేదు.

క్వీన్స్‌లాండ్ పడమటి మైదానాల్లో ఉన్న ఆ గ్యాస్ విద్యుత్ కేంద్రంలో నాలుగేళ్లుగా ఇంజెక్షన్ బావి చూసుకునేది ఆమే. యంత్రాలను చల్లబరిచాక మిగిలే ఉప్పునీటిని ఏటిలోకి వదలడానికి వీల్లేదు. వడగట్టి, కిలోమీటరున్నర లోతున, అంతకన్నా ఉప్పటి నీరున్న ఇసుకరాతి పొరలోకి పంపుతో ఎక్కిస్తారు. ఎక్కించేకొద్దీ ఒత్తిడి కొద్దికొద్దిగా పెరగాలి. నాలుగేళ్లూ పెరిగింది. ఈ సోమవారం నుంచి మూడు రోజుల్లో పదో వంతు తగ్గింది.

మీటరు పాడైందనుకుని కొత్తది బిగించింది. అదీ అదే అంకె చూపింది. లోపలి గొట్టం కారుతోందేమోనని దాని చుట్టూ ఉన్న ఖాళీలో ఒత్తిడి చూసింది. అక్కడ చలనమే లేదు. మరి నీళ్లు ఎటు పోతున్నట్టు?

ఈ బావి తవ్వినప్పుడు రాతిపొరలు పరీక్షించిన ద్వారకానాథ్ బ్రిస్బేన్‌లో ఉంటాడు. రిటైరై రెండేళ్లయింది. ఆయనకు ఫోన్ చేసింది.

"అంకుల్, నాకేం సమజైతలేదు. ప్రెషర్ పడిపోతుంది, గొట్టం మాత్రం మంచిగనే ఉంది."

"కింద రాయి విచ్చుకుందేమోనమ్మా. లేదా గొట్టం వెలుపలి సిమెంట్ పగిలి, ఆ సందులోంచి నీళ్లు పైకెక్కుతున్నాయేమో. అసలేమీ కాకపోనూ వచ్చు."

"మూడిట్ల ఏదంటరు?"

"టెస్ట్ చేయకుండా ఎలా చెప్పను? నాకూ తెలీదు."

ఆ మధ్యాహ్నమే జూడిత్ ఫోన్ చేసింది. ఆరు కిలోమీటర్ల అవతల పశువులు మేపుకునే రైతు ఆమె. "వారం నుంచి మా బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి. ఆవులు తొట్టి దగ్గరికొచ్చి మూతి తిప్పుకుంటున్నాయి. మీ బావి వల్లేనా?"

కుసుమ లెక్క వేసుకుంది. జూడిత్ బోరు లోతు రెండు వందల మీటర్లే. మధ్యలో ఎంత రాయి, ఎంత దూరం! పైగా అక్కడ ఉప్పు తగిలి వారం, ఇక్కడ ఒత్తిడి తగ్గి మూడు రోజులు. రెంటికీ పొంతన లేదు. అయినా తమ బావి వల్ల కాదని గట్టిగా అనలేక, కనుక్కుని చెప్తానంది.

"ఆపేస్తాను," అంది మేనేజర్ గ్రెగ్‌తో.

"ఈ ఎండల్లో, కరెంటుకి ఇంత గిరాకీ ఉన్నప్పుడా? ఉప్పునీళ్లు నిలవచేసే చెరువులో రెండు రోజులకే చోటుంది. తర్వాత కరెంటు తీసే ఒక యూనిట్ ఆపాలి. నీ దగ్గర రుజువేముంది?"

"లేదు. ప్రమాదం లేదనడానికీ లేదు."

బావి ఆపే అధికారం ఆమెకుంది. ఆపేసింది. ఆపాక మనసు కుదుటపడుతుందనుకుంది. పడలేదు. రెండు రోజులకు యూనిట్ కూడా ఆగింది.

బావి ఆపిన తొమ్మిదో రోజున వేడిని కొలిచే పరికరాన్ని బావిలోకి దించారు. పంపిన నీళ్లు తాకిన చోటల్లా రాయి చల్లబడి ఉంది. గొట్టం వెలుపలి సిమెంట్ పగిలిందని దాన్నిబట్టి తేలింది. నీళ్లు అరవై మీటర్లు పైకెక్కి, దళసరి బంకమట్టి పొర కింద ఆగిపోయాయి. జూడిత్ నీళ్లను కూడా ల్యాబ్‌లో పోల్చి చూశారు. అందులోని ఉప్పు వేరు, వీళ్ల ఉప్పు వేరు.

"మంచి పని చేశావు," అన్నాడు గ్రెగ్. చేసింది మంచి పనో, గుడ్డిగా కలిసొచ్చిన పనో కుసుమకు తేలలేదు.

మరునాడు తనే కారేసుకుని జూడిత్ ఇంటికి వెళ్లి జరిగినదంతా చెప్పింది.

"మీది కాదంటున్నావు. మరి ఎవరిది?"

"తెలియదు."

"అయితే బావి ఎందుకు ఆపావు?"

"మీ బోరు కోసమే ఆపాను. తీరా చూస్తే వేరే తప్పు బయటపడింది."

జూడిత్ నవ్వాలో కోప్పడాలో తెలియనట్టు చూసి, టోపీ పెట్టుకుని బోరు దగ్గరికి దారి తీసింది. అది తన తాత వేయించిందట, ఏ ఏడో ఆమెకూ గుర్తులేదు. కుసుమ ఇనుప గొట్టాన్ని తడిమితే తుప్పు పెచ్చులుగా ఊడి చేతికొచ్చింది. దీని చిల్లుల్లోంచే పై పొరల ఉప్పు దిగుతోందేమో అనిపించింది. కాదేమో అనీ అనిపించింది.

"మళ్లీ పరీక్ష చేయిస్తాను, లోతు లోతుకీ విడిగా," అంది.

జూడిత్ పంపు వేసింది. కుసుమ మోకాళ్ల మీద కూర్చుని పరీక్షకు మొదటి సీసా నీళ్లు పట్టింది.