చక్రం కింద రాయి

వెనక సీటు పీకేస్తే ఈ దొరల కాలం కారులో ముప్పై టమోటా బాక్సులు పడతాయి, పైన క్యారియరు కట్టిస్తే ఇంకో పది, కానీ ఏ దొర ఒప్పుకుంటాడు, ఈడికొచ్చి కూడా టమోటాలేనా అప్పా, రెండు దినాలన్నా మండీని మర్సిపో అని రెడ్డెమ్మ మోచేత్తో పొడుస్తుంది, పెళ్లయి ముప్పై ఏళ్లు, నా పెదాలు కదిలితే చాలు లెక్క వేస్తున్నానని కనిపెట్టేస్తుంది, కుప్పంలో ఆమె చెల్లెలింట్లో తిని పడుకొని విసుగు పుట్టి, ఊరి బయట ఎవరో మామిడితోటలో పాత బండ్లతో మ్యూజియం పెట్టాడంటే వచ్చాం, పెద్ద రేకుల షెడ్డు, తుడిచి తుడిచి మెరిసే బండ్లు, ఒక్కటీ కదలదు, కదలని బండికి ఇంత సేవ ఏం వ్యాపారమో, ఆ చివర నిలబెట్టింది మా వ్యానే, మాది కాదు, అలాంటిదే, అదే ఆకుపచ్చ, అదే గుండ్రటి మూతి, ముందు చక్రం కింద చెక్క దిమ్మె, దానికి పసుపు రంగు కూడా వేశారు, నేల సమంగా ఉన్నా పెడతాము సార్, బండిని నమ్మకూడదు అంటున్నాడు బండ్లు చూపించే గోవిందస్వామి.

బండిని నమ్మకూడదు, మా వ్యానుకు హ్యాండ్‌బ్రేకు పట్టేది కాదు, మదనపల్లెలో మా మండీ ముందు పుంగనూరు రోడ్డు వాలు, ఆపినప్పుడల్లా డ్రైవరు అహరోను దిగి నల్లరాయి చక్రం ముందు పెట్టేవాడు, బ్రేకు సేపిద్దామప్పా అంటే సీజను కానీరా, రాయుండాది కదా అనేవాణ్ణి, తొంభై నాలుగు ఆయుధపూజ, వాడు కిరస్తానీ, పూజకు నిలబడేవాడు కాదు, కానీ బండికి దండ మాత్రం తానే కట్టేవాడు, తోలేది నేను కదప్పా అని నవ్వేవాడు, ఆ రోజూ ముందు కూర్చుని బంపరుకు దండ కడుతున్నాడు, నేను చక్రాల కింద నిమ్మకాయలు పెడుతున్నాను, మూడు పెట్టాను, నాలుగో చక్రం కింద రాయి, ఆయిలు మరకలతో, పసుపు కుంకుమల మధ్య అది పాడుగా కనిపించింది, లాగి పక్కన పడేసి నిమ్మకాయ పెట్టాను, కర్పూరం కోసం లోపలికి తిరిగాను, కాయ చితికిన చప్పుడు, వాడి కేక.

ఆసుపత్రిలో పాదం తీసేశాక నా నోట మొదట వచ్చిన మాట, రాయి పెట్టలేదారా అహరోనూ, పక్కన వాడి భార్య రాహేలు, మండీ జనం, వాడు నన్నే కాసేపు చూసి మర్సినానేమోప్పా అన్నాడు, నీ మతిమరుపే నీ కాలు తినె అని రాహేలు తల కొట్టుకుంది, నేను నేల చూశాను, పన్నెండేళ్లయింది, నిమ్మనపల్లెలో పంక్చర్లు వేస్తున్నాడు, వచ్చిన ప్రతి బండినీ రాయి పెట్టినావాప్పా అని అడుగుతాడట, జనం నవ్వుతారట, మర్సిపోయేటోడికి బాగా గుర్తుండాదే అని రాహేలు ఇప్పటికీ దెప్పుతుందట, పాపం, నిజంగానే మరిచాననుకుంటున్నాడు, నేను అలా అనుకునే ఇన్నేళ్లు నిద్రపోయాను.

ఏమప్పా, దీంట్లో ఎన్ని బాక్సులు పడతాయో సెప్పలేదే అంటుంది రెడ్డెమ్మ, నా పెదాలు కదలడం లేదు, పసుపు దిమ్మె, ఆ రోజు మూడు కాయలు పెట్టాక నా చేయి ఖాళీ, నిమ్మకాయల సంచి నా దగ్గర లేదు, నాలుగో నిమ్మకాయ సంచిలోంచి తీసి నా చేతికిచ్చింది అహరోనే, నేను లాగి పడేసిన రాయి పక్కన కూర్చుని ఇచ్చాడు.