పదకొండో ఆయ్

పొద్దున్న తొమ్మిదింటికి మంచమెక్కిన చిన్నతల్లి సాయంత్రం నాలుగైనా దిగలేదు. జబ్బేమీ లేదు. ఆస్పత్రిలో ఆయా, ఇవాళ డాక్టరు చదువు పిల్లల పరీక్షకి రోగి వేషం కట్టింది. ఎడమ డొక్కలో మూడు రోజులుగా నొప్పని చెప్పాలి. అక్కడ నొక్కితే మొహం చిట్లించాలి. కుడివైపు ఏమీ లేనట్టుండాలి. అందరి దగ్గరా ఒక్కలాగే చెయ్యాలని కృష్ణమూర్తి డాక్టరుగారు వారం రోజులు నేర్పారు.

మార్కులేసే పెద్ద డాక్టరు హైదరాబాదులో కూర్చున్నాడు. పుట్టి పెరిగింది కడప వైపు. ఆయన్ని కారులో రప్పించి బస ఏర్పాటు చేసే స్తోమత అమలాపురం పక్కనున్న ఈ చిన్న కాలేజీకి లేదు. అందుకే మంచం కాళ్ళ దగ్గర కంప్యూటరు, దాని నెత్తిన కెమెరా. ఈ ఏడు కుదిరితే ఇక ఏటా ఇంతే అన్నారు. కుదరాలిగా! బొమ్మ ఆగిపోతోంది, మాట గరగరలాడుతోంది.

పదిమంది నొక్కి వెళ్ళారు. చిన్నతల్లికి నడుము పడిపోయింది, డొక్క నిజంగానే సలుపుతోంది. పదకొండోది లక్ష్మీతులసి. కిందటిసారి తప్పింది. ఇదీ పోతే మళ్ళీ ఆరు నెలలు. ఆ పిల్ల అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంది. "నొప్పెడితే చెప్పండమ్మా" అంటూ కుడివైపు చెయ్యి వేసింది.

"ఆయ్" అంది చిన్నతల్లి.

అంతా అయ్యాక స్పీకరులోంచి పెద్దాయన గొంతు వచ్చింది. "ఈ అమ్మాయి ఫెయిలండీ. పేషెంటు అరిచినా చెయ్యి ఆపలేదు. పొద్దుట్నుంచి ఇలాంటివాళ్ళు ముగ్గురు."

"ఎవరూ అరవలేదండీ" అన్నారు కృష్ణమూర్తిగారు.

"నేను విన్నానుగా."

లక్ష్మీతులసికి కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. చిన్నతల్లికి సంగతి అర్థమైంది. నేర్పిన మాటలు తప్ప ఇంకోటి అనకూడదు. కిక్కురుమనకుండా ఉంటే ఇంటికెళ్ళి నడుం వాల్చుకోవచ్చు. కానీ ఆ పదకొండుమందిలో చేతులు వెచ్చచేసుకున్నది ఈ పిల్లొక్కతే. లేచి కూర్చుంది.

"నేనరవలేదండీ బాబుగారూ. ఆయ్ అన్నానండి. మా వైపు అలాగేనండి అని."

"అందరితోనూ అన్నావా అమ్మా?"

"ఆయ్. అడిగినప్పుడు పలక్కపోతే బాగోదు కదండీ."

కృష్ణమూర్తిగారు నుదురు పట్టుకున్నారు. పుట్టిన దగ్గర్నుంచీ వింటున్న మాట, ఆయన చెవికి ఆనలేదు. మాట గరగరలాడినప్పుడు పరీక్షిచ్చినవాళ్ళు గట్టెక్కారు, శుభ్రంగా వినిపించినప్పుడు ఇచ్చినవాళ్ళు తప్పారు.

"అంటే నేను లైనుకి మార్కులేశానన్నమాట" అన్నాడు పెద్దాయన నీరసంగా. "అందరికీ మళ్ళీ పెడదాం. ఈసారి అక్కడ మీరూ మార్కులు వెయ్యండి, రెండూ సరిచూసుకుందాం." చిన్నతల్లిని అడిగాడు. "ఇంకో పదకొండుసార్లు పడుకోగలవా అమ్మా?"

చిన్నతల్లి దుప్పటి సర్దుకుని మెల్లగా వెనక్కి వాలింది.

"ఆయ్."

ఈసారి అది మూలుగే. పెద్దాయనకి మాత్రం అలాగేనండి అని వినిపించింది.