తీపి నీళ్ల ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం ఏ పెద్దమనిషీ అనలేదు. అనుంటే సోమందేపల్లె తిమ్మప్ప ముందే కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకునేవాడేమో.

అతని ఇల్లు హైవేకు నాలుగు సందుల అవతల ఉంది. పదకొండేళ్ల కిందట గొర్రెల మందంతా అమ్మి కట్టుకున్నాడు. అప్పుడు చుట్టూ కంపచెట్లే. ఆ తర్వాత అవతల కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, దాని వెనకాలే జనం వచ్చారు. కంపచెట్లున్న చోటంతా ప్లాట్లయింది. నిన్న చెప్పిన ధర ఇవాళ చెప్పడానికి అమ్మేవాళ్లకు మనసొప్పదు. టీ అంగడి దగ్గర కూర్చున్న ప్రతివాడూ బ్రోకరే. అలాంటి ఊళ్లో తిమ్మప్ప ఇల్లొక్కటే అయిదు నెలలుగా అమ్ముడుపోలేదు.

అతను లాభం కోసం అమ్మడం లేదు. భార్య సిద్దమ్మకు రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి మూడుసార్లు అనంతపురం పోయి డయాలసిస్ చేయించుకోవాలి. దగ్గరి ఊళ్లలో అడిగితే మంచం ఖాళీ లేదన్నారు. ఐదున్నర బస్సుకు పోవాలి, సాయంత్రానికి రావాలి. ఆసుపత్రిలో మిషను బాగుచేసి పంపిన మనిషిని వచ్చేటప్పుడు బస్సు మళ్లీ పిండేసేది. పోయిన నెలలో రెండుసార్లు సీట్లోనే స్పృహ తప్పింది. "ఇట్ల తిప్పుకుంటా ఉంటే ఎక్కువ రోజులు తట్టుకోలేదు. ఆసుపత్రి పక్కనే ఉండండి" అని డాక్టరు చెప్పేశాడు.

అద్దెకు పోదామంటే జబ్బుమనిషి అని తెలిసి ఇద్దరు ఓనర్లు ఇల్లు లేదన్నారు. ఇంట్లో ఏదైనా జరిగితే ఆ ఇంటికి మళ్లీ ఎవరొస్తారని వాళ్ల భయం. చివరికి ఆసుపత్రి వెనక సందులో గంగాదేవి అనే ఆమె తన రెండు గదుల ఇల్లు అమ్ముతానంది. ఆమెకు వేరే వాళ్లు ఎక్కువిస్తామన్నారు. అయినా సిద్దమ్మ ముఖం చూసి, శుక్రవారం సాయంత్రం దాకా ఆగుతానని మాటిచ్చింది. ఈ ఇల్లు అమ్ముడుపోతేనే ఆ ఇల్లు. ఆ ఇల్లు దొరికితేనే సిద్దమ్మ.

మరి ఇంత గిరాకీలో ఈ ఇల్లెందుకు పోలేదు? నీళ్లు. నీళ్లు లేక కాదు, ఉండబట్టే. ముంగిట్లో బోరుంది. చుట్టుపక్కల బోర్లన్నీ ఎండి మట్టి కక్కిన ఏడు కూడా అది రెండించుల నీళ్లు పోసింది. కానీ ఒట్టి ఉప్పు. చెంబులు తెల్లబడతాయి, కొళాయిలు తెల్లబడతాయి, బాత్రూం గోడల మీద సున్నం కొట్టినట్టు పొర కడుతుంది. పదకొండేళ్లలో ఆ ఇంట్లో తులసి మొక్క బతికింది లేదు. నాటిన ప్రతి మొక్కా నెల తిరక్కుండా మాడింది. బెంగళూరు నుంచి వచ్చిన మూడు పార్టీలూ ఇల్లు బాగుందన్నాయి, కొళాయి తిప్పి పుక్కిలించి ఉమ్మి వెళ్లిపోయాయి.

బ్రోకరు లక్ష్మన్న చేతిలో రెండు ఫోన్లు, నోట్లో వక్కపొడి. అతనొక ఉపాయం చెప్పాడు.

"అన్నా, బోరు కనపడకుండా చేయి. సంపులోకి ట్యాంకరుతో తీపి నీళ్లు పోయించు. అడిగితే పంచాయతీ కొళాయి నీళ్లని చెప్పు. రిజిస్ట్రేషన్ అయినాంక నీళ్ల కోసరం ఎవడొస్తాడు?"

"తప్పు కదప్పా" అన్నాడు తిమ్మప్ప.

"బోరుండాది కదా. యాడికీ పోదు కదా. తర్వాత చెప్పు, సంతోషపడతారు. లేనిదాన్ని ఉండాదంటే మోసం. ఉండేదాన్ని లేదంటే ఏం మోసం?"

ఈ మాట తిమ్మప్ప బుర్రకు ఎంత నచ్చిందంటే, ఆ పూట అన్నం కూడా ఇష్టంగా తిన్నాడు. గొర్రెల్ని కాచినవాడికి గొర్రె బుద్ధి రాదని ఎవరన్నారో గానీ, వాళ్లు తిమ్మప్పను చూసి ఉండరు.

ఇల్లంతా బాదంపప్పు రంగు వేయించాడు. గేటు కమ్మీల కొనలకు బంగారు రంగు పూయించాడు. హాల్లో గోడ నిండా జలపాతం బొమ్మ అంటించాడు. సోమందేపల్లె మొత్తానికి లేని నీళ్లు ఆ గోడ మీద దూకుతున్నాయి. రెండు రోజులు మూతికి టవలు కట్టుకుని, యాసిడ్ పోసి, కొళాయిలకూ గోడలకూ బకెట్లకూ పట్టిన తెల్ల పొరంతా ఒక్క మచ్చ మిగలకుండా తోమేశాడు. చేతులు బొబ్బలెక్కాయి. ఇక బోరు పనికి బేల్దారి మేస్త్రీని పిలిచి, పైపు కోయించి మూత బిగించి, దాని మీద చక్కగా టైల్సుతో తులసికోట కట్టించాడు. పెనుకొండ నర్సరీ నుంచి గుబురు మొక్క తెచ్చి నాటాడు.

సిద్దమ్మ గడపలో కూర్చుని అంతా చూసింది. ఆమె పక్కన ఎప్పుడూ ఒక సీసా ఉంటుంది. రోజుకు అర లీటరు నీళ్లే తాగాలని డాక్టరు ఆంక్ష. క్యాను నీళ్లు పొద్దున ఆ సీసాలో పోసుకుని, రాత్రిదాకా గుటక గుటకగా లెక్కపెట్టుకుని తాగుతుంది.

"బోరు మీద దేవతను కూర్చోపెట్టినావే" అంది.

"నీ కోసరమే కదా."

"నాకు తెలుసులే" అంది సిద్దమ్మ. ఆ మాటలో కోపం లేదు, అదే తిమ్మప్పకు కష్టంగా అనిపించింది.

శుక్రవారం పొద్దున పది గంటలకు లక్ష్మన్న పార్టీని తెచ్చాడు. గుత్తి వైపు నుంచి వచ్చిన శెట్ల కుటుంబం. కొడుకు సాయిగణేష్ హైవే మీద హార్డ్‌వేర్ అంగడి పెట్టాడు. ఇల్లు చూడాల్సింది మాత్రం తల్లి వరలక్ష్మమ్మ. అరవై దాటిన మనిషి, జరీ అంచు చీర, చేతిలో తాంబూలం సంచి. నచ్చితే అక్కడే తాంబూలం ఇచ్చి మాట ఖాయం చేసుకునేది వాళ్ల ఆచారమని లక్ష్మన్న ముందే చెవిలో ఊదాడు. తిమ్మప్ప కళ్లు ఆ సంచి మీదనే ఉన్నాయి.

ఆమెకు ఇల్లు నచ్చింది. తూర్పు వాకిలి నచ్చింది, దేవుడి గది నచ్చింది. తులసికోట ముందు సిద్దమ్మ వెలిగించిన దీపం చూసి చెంపలేసుకుంది. సిద్దమ్మ పక్కన కూర్చుని, చేతి మీద సూదుల వాపు చూసి, ఏమీ అడక్కుండా ఆ చెయ్యి నిమిరింది. ఈమె కొంటే బాగుండు, ఈమెకైతే తర్వాత నిజం చెప్పినా అర్థం చేసుకుంటుంది అనుకున్నాడు తిమ్మప్ప.

ఆమె వంటింట్లో కొళాయి తిప్పి దోసిలి పట్టి తాగింది.

"తియ్యగా ఉండాయే. బోరు నీళ్లా?"

"కాదమ్మా, పంచాయతీ కొళాయి" అన్నాడు తిమ్మప్ప, పాఠం అప్పజెప్పినట్టు.

"బోరు లేదా?"

"బోరు అవసరమే రాలేదమ్మా."

వరలక్ష్మమ్మ కొళాయి కట్టేసి కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆమె ముఖంలో వెలుగు తగ్గింది.

"పంచాయతీ నీళ్లు వారానికొక తూరి. మేము ఈడ అద్దెకున్న మూడు నెలల్లో చూస్తానే ఉండాం. ఎండాకాలం అదీ రాదు. గుత్తిలో ఏళ్ల తరబడి ట్యాంకరు వెనక బిందె పట్టుకుని పరుగెత్తినదాన్నప్పా నేను. ఈ వయసులో నాకు కావలసింది ఒక్కటే, ఎండని బోరు."

"ఉప్పైనా పరవాలేదామ్మా?" అని తిమ్మప్ప నోరు దానంతటదే అడిగింది.

"ఉప్పైతే ఏమి? తాగేదానికి క్యాన్లుండాయి. ఒళ్లు కడుక్కునేదానికి, గుడ్డలుతికేదానికి ఉప్పేమి, పప్పేమి. తియ్యనీళ్ల ఇల్లని ఈ పల్లెలో నన్నెవరూ మురిపించలేరు."

లక్ష్మన్న ఫోను చూసుకుంటున్నట్టు బయటికి జారుకున్నాడు. తిమ్మప్ప ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, బోరుండాది. పదకొండేండ్ల బోరు. రెండించుల నీళ్లు. ఒక్క ఏడు కూడా ఎండలేదు."

"ఇప్పుడే లేదంటివే."

"అబద్ధం చెప్తిని. ఉప్పు నీళ్లని ముగ్గురు ఒద్దని పోయినారు. అందుకని దాచిపెడితిని."

"యాడుండాది?"

తిమ్మప్ప చెయ్యెత్తి తులసికోటను చూపించాడు.

వరలక్ష్మమ్మ ఆ కోటను చూసింది. తర్వాత కొళాయి మూతిని వేలితో తడిమింది, బాత్రూంలోకి పోయి గోడలు చూసింది, బకెట్టు అడుగు తిప్పి చూసింది.

"ఉప్పుబోరుండే ఇంట్లో కొళాయి తెల్లగా ఉంటాదప్పా. ఈడ మచ్చ కూడా లేదు."

"యాసిడ్ పెట్టి తోమినానమ్మా. చూడు నా చేతులు."

ఆమె చేతులు చూసింది. జాలిపడింది కూడా. కానీ జాలి వేరు, నమ్మకం వేరు.

"మా తట్టు ఎండిపోయిన బోరు మీదనే కోట కడతారు. పారే బోరును ఎవరన్నా పూడ్చుకుంటారా? ఇంట్లో కష్టముండాదని తెలుస్తానే ఉండాది. అమ్ముకోవల్లంటే నాలుగు మాటలు చెప్తారు, నేను తప్పు పట్టను."

"ఒక్క గంట ఆగమ్మా. ఇప్పుడే పగలగొట్టి చూపిస్తా." తిమ్మప్ప గోడవారనున్న గడ్డపార అందుకున్నాడు.

"ఒద్దు" అంది ఆమె. అంతసేపూ మెత్తగా ఉన్న గొంతు గట్టిపడింది. "శుక్రవారం పూట, దీపం వెలుగుతా ఉండే కోటను నా కోసరం పగలగొట్టినారన్న మాట నాకొద్దు. రేపు నేను ఈ ఇంట్లో పాలెట్ల పొంగించేది?"

తాంబూలం సంచి చంకన పెట్టుకుని, సిద్దమ్మ దగ్గర ఆగి, "ఆరోగ్యం చూసుకో తల్లీ" అని చెప్పి ఆమె వెళ్లిపోయింది. సాయిగణేష్ వెనక్కి తిరిగి ఒకసారి చూశాడు.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. తిమ్మప్ప ముంగిట్లో గడ్డపార పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పగలగొడితే పాపం, పగలగొట్టకపోతే సిద్దమ్మ. కోట ముందు దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. అతనికి ఏడుపొచ్చింది. యాభై దాటిన మగవాడు నడి ముంగిట్లో ఏడిస్తే బాగుండదని ఎవరైనా చెప్పినా అతనికి వినపడేది కాదు.

సిద్దమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చింది. దీపానికి దండం పెట్టి, పూరేకుతో ఆర్పింది. కోట పైని మట్టిలోకి వేళ్లు దించి, తులసి మొక్కను వేళ్లతో సహా పెళ్లగించి, పాత బకెట్టులో పెట్టింది. ఆ పనికే ఆమెకు ఆయాసం వచ్చింది.

"ఇప్పుడు ఉత్త రాళ్లే. కొట్టు" అంది.

తిమ్మప్ప కొట్టాడు. కొత్త టైల్సు ఒక్కొక్కటే పగిలాయి. బేల్దారి మూడు రోజులు కట్టింది గంటన్నరలో కుప్పయింది. మూత ఊడదీసి, పైపుకు పైపు అతికించి, వైరు కలిపి స్టార్టరు నొక్కాడు. మొదట గాలి వచ్చింది, తర్వాత ఎర్రమట్టి, ఆ తర్వాత రెండించుల నీళ్లు ధారగా వచ్చి బాదంపప్పు రంగు గోడను తడిపాయి. అతను దోసిలి పట్టి నోట్లో పోసుకున్నాడు. ఉప్పు. పదకొండేళ్లలో ఆ ఉప్పు అతనికి అంత రుచిగా ఎన్నడూ తగల్లేదు.

ఫోనులో వీడియో తీసి సాయిగణేష్‌కు పంపాడు. పంపిన వెంటనే ఫోను చేశాడు.

"చూసినానన్నా" అన్నాడు సాయిగణేష్. "నీళ్లు బాగుండాయి. కానీ మాయమ్మ ఇప్పుడే మీ వెనక సందులో ఒక ఇంటికి తాంబూలం ఇచ్చేసినాది. చిన్నిల్లే, గోడలు కూడా బాగలేవు. కొళాయిలకు ఇంత మందాన తెల్లగా ఉండాది, అది చూసి ఒప్పుకునె. నువ్వు ఉన్నది ఉన్నట్టు పెట్టింటే మీదే కొనింటిమన్నా."

ఫోను చెవి నుంచి తీయడం కూడా తిమ్మప్ప మరిచిపోయాడు. నీళ్లు ధారగా పోతూనే ఉన్నాయి, సంపులోకి దిగుతున్నాయి, గేటు కింది నుంచి సందులోకి పారుతున్నాయి.

సాయంత్రం ఆరింటికి గంగాదేవి ఫోను చేసింది. తిమ్మప్ప ఆ పేరు చూసి ఫోను ముట్టుకోలేదు. సిద్దమ్మే ఎత్తింది.

"లేదక్కా, కుదర్లేదు. వాళ్లకిచ్చెయ్యి. ఇన్ని దినాలు ఆగినావు, అదే చాలు."

ఫోను పెట్టేసి బకెట్టులోని తులసి మొక్క వైపు చూసింది. పెళ్లగించినప్పటి నుంచి ఎండలో ఉండి ఆకులు వాల్చేసింది. సంపులో మిగిలిన ట్యాంకరు నీళ్లలో మధ్యాహ్నమే బోరునీళ్లు కలిసిపోయాయి. క్యాను కూడా ఖాళీ అయింది. ఇంట్లో తీపి నీళ్లన్నవి ఇక ఆమె సీసాలోనే ఉన్నాయి, నాలుగు గుటకలు.

"అది నీ వంతు. రాత్రికి నువ్వేం తాగుతావు?" అన్నాడు తిమ్మప్ప.

"ఉప్పు నీళ్లు పోస్తే ఇది చచ్చిపోతాది కదా" అంది సిద్దమ్మ. సీసా వంచి, చివరి చుక్క దాకా మొక్క మొదట్లో పోసింది. తర్వాత ఖాళీ సీసాకు మూత పెట్టి, పొద్దున ఐదున్నర బస్సుకు సర్దిన సంచిలో పెట్టుకుంది.