రెండు వర్గాల గేటు

ఇరవై రెండేండ్లు నరుక్కున్న మేడింటి వర్గం, చావిడి వర్గం పులివెందులలో ఒక పెండ్లిమండపంలో కూర్చుని రాజీ పడ్డాయి. సోలార్ ప్లాంటుకు మట్టి తోలే కాంట్రాక్టు చెరిసగం. నాయకులిద్దరూ ఒకరి నోట్లో ఒకరు లడ్డు పెట్టుకున్న ఫొటో జమ్మలమడుగు బస్టాండులో ఫ్లెక్సీ అయింది. చచ్చిన పదకొండు మంది ఫొటోలు అందులో లేవు. చోటు చాలలేదేమో.

వర్గాల కోసం కట్టె పట్టుకుని తిరిగినవాళ్లకు ఆ ప్లాంటులోనే వాచ్‌మన్ పనులిచ్చారు. మేడింటి మనిషి యల్లయ్యకు, చావిడి మనిషి ఇనాయతుల్లాకు ఒకే గేటు, ఒకే షిఫ్టు.

యల్లయ్యకు ఆ పని కావాలి. గొర్రెలు మేసే బీడంతా సోలార్ పలకల కిందికి పోయింది. మందను అమ్మేశాడు. ఈ పని కూడా పోతే ప్రొద్దుటూరులో కూతురు రేణుక ఇంట్లో, అల్లుడు తిన్నాక తినాలి. తన పొయ్యి మీద మాడిన సంగటైనా అతనికి నయం.

అయితే ఇనాయతుల్లా మొహం చూడటమే కష్టం. తన భార్య పెంచలమ్మకు కడుపునొప్పి వచ్చిన రోజు, దగ్గరి దారిలో బండికి అడ్డం నిలబడిన చావిడి వర్గం నలుగురిలో అతనొకడు. ముద్దనూరు మీదుగా చుట్టు తిరిగి ఆసుపత్రికి చేరేసరికి ఆమె ఒళ్లు చల్లబడింది.

గేటు దగ్గర నాలుగు గుంజల మీద రేకులు, రెండు స్టూళ్లు. గోడ లేదు. వర్గంలో తిరిగినవాడు వీపు వెనక గోడ లేకుండా కూర్చోలేడు. పెండ్లి భోజనంలో కూడా గోడవారగానే విస్తరి చూసుకుంటాడు. అక్కడ వీపు ఆనించడానికి ఉన్నదల్లా గేటు స్తంభం ఒక్కటే, అదీ ఒక మనిషికే సరిపోయేంత. ముందొచ్చినవాడిది స్తంభం. షిఫ్టు పొద్దున ఆరింటికైతే యల్లయ్య అయిదున్నరకే వచ్చాడు. మరునాడు ఇనాయతుల్లా అయిదింటికి. వారం తిరిగేసరికి నాలుగింటికే ఇద్దరూ స్తంభానికి భుజాలు ఆనించి తోసుకుంటున్నారు.

సూపర్‌వైజర్ అమూల్య గుంటూరు పిల్ల. ఆమెకు ఇదేమీ అర్థం కాలేదు.

"ఒకరు రోడ్డు చూడాలండీ, ఒకరు లోపలి వైపు చూడాలి. ఇద్దరూ స్తంభాన్ని కావిలించుకుంటే ఎట్లా? రేపు కూడా ఇట్లాగే ఉంటే ఇద్దర్నీ పనిలోంచి తీసేస్తాను."

ఆమె పోయాక ఇనాయతుల్లా స్టూళ్లు రెండూ తెచ్చి రేకుల కింద నడుమ ఒకదానికొకటి ఆనించి వేశాడు.

"కూర్చో యల్లప్పా. నువ్వు రోడ్డు చూడు. నేను లోపల చూస్తా."

"యెనక?"

"యెనక నేనుండాగదా."

"అదే కదప్పా నా బయం!"

ఇనాయతుల్లా నవ్వలేదు. "నాకు మాత్రం ల్యాదా?"

యల్లయ్య కూర్చున్నాడు. వీపుకు వీపు తగిలింది. ఎముకలే తప్ప కండ లేని వీపు. కొంతసేపటికి అటువైపు చూడకుండానే అన్నాడు.

"ఆ పొద్దు బండిని పోనీకపోతిరే."

"నేనొక్క మాట అనింటే పోయేది. అన్లా. శానాసార్లు తలుచుకున్యా."

"నిన్ను మన్నించేది ల్యా. యాది పెట్టుకో."

"మన్నించమని నేనడిగినానా? కదలాకు, పడతా."

పది గంటలకు నాయకులిద్దరూ ఒకే కారులో వచ్చారు. హారన్ మోగింది. మరోసారి మోగింది. ఒకప్పుడు ఆ మోతకు తింటున్న కూడు వదిలేసి ఉరికినవాళ్లే ఇద్దరూ.

"ఎవరప్పా?" అన్నాడు లోపలి వైపు చూస్తున్న ఇనాయతుల్లా.

"మీవోడూ మావోడూ."

"పాసుందా?"

"ఏమప్పా డ్రైవరూ, పాసుందా?" యల్లయ్య కూర్చున్నచోటి నుంచే కేకేశాడు. "ల్యాకుంటే దిగొచ్చి రిజిస్టర్లో రాయాల. ఎవరి పేరు వాళ్లే రాయాల. అది రూలు."

నాయకులు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత కారు దిగి, ఎండలో పంచెలు ఎత్తిపట్టుకుని నడిచి వచ్చారు. పెన్ను ఒక్కటే ఉంది. మేడింటాయన రాసేదాకా చావిడాయన నిలబడ్డాడు.

"రాస్తాండారా?" ఇనాయతుల్లా గుసగుసగా అడిగాడు.

"రాస్తాండారు. చెమట్లు కారుతాండాయి."

ఇనాయతుల్లా వీపు నవ్వుతో అదురుతోంది. ఆ అదురు యల్లయ్యకూ పాకింది. పెదవులు బిగించి రిజిస్టరు వైపే చూస్తూ, "టైము కూడా ఎయ్యండి సామీ," అన్నాడు.