మూలలో లేని గుర్తు

తిమోతి సారు మీద ఉన్నంత కోపం నాకు ఎదుటి పార్టీవాళ్ళ మీద కూడా లేదు. వాళ్ళ పని వాళ్ళు చేసినారు. సారు మాత్రం జమ్మలమడుగు బడిలో నాకు లెక్కలు చెప్పినాయన. "బొమ్మను నమ్మొద్దురా, రాసింది నమ్ము. మూలలో చిన్న చదరం గీసుంటేనే లంబకోణం" అని చెప్పి, తప్పు చెప్పినందుకు అరచెయ్యి వాచేట్టు కొట్టినాడు. ఎనిమిదిలో బడి మానేసినా. ఆ మాట మరిచిపోలేదు.

తొంభై ఆరులో మా దిక్కు ఊర్లన్నీ రెండు పార్టీలుగా చీలినాయి. ముద్దనూరు దోవలో నాకున్న ఐదెకరాల పాతిక సెంట్లు ఎదుటివాళ్ళ పొలిమేరలో పడింది. సేద్యానికి పోతే తిరిగొస్తానని నమ్మకం లేదు. ఆ పార్టీ లక్ష్మీనరసయ్యకు మా ఊర్లో మూడు మూలల చేను ఉంది. ఆయనదీ అదే గతి. చేనుకు చేను మార్చుకోమన్నారు పెద్దలు.

పులివెందుల సర్వేయరు ఆయన చేనుకు రెండు పక్కలు కొలతల గొలుసుతో కొలిచినాడు. మూడో పక్క వంక గట్టు. దాని మీద ఎదుటి పార్టీ మనుషులు బాంబులతో కాపలా. ఆ పక్క కొలవకుండా కాగితం మీద ఊరికే గీత గీసి ఇచ్చినాడు.

ప్రొద్దుటూరులో పట్టాభిరామయ్య బట్టలంగడి మిద్దె మీద పంచాయితీ. కింద రెండు పార్టీల జీపులు. ఇరుపక్కలా నమ్మే మనిషని సారును పిలిపించినారు.

"ఏడు గొలుసులు, పదహైదు గొలుసులు. లంబకోణ త్రిభుజం" అన్నాడు సారు. "హెచ్చిస్తే నూటా ఐదు, సగం యాభై రెండున్నర. పది చదరపు గొలుసులు ఎకరా. ఐదెకరాల పాతిక. సరికి సరి."

"మూలలో గుర్తు లేదే సార్. మూడో పక్క కొలతా లేదు. లంబకోణమని ఎట్ల చెప్తాండారు?" అన్నా.

లక్ష్మీనరసయ్య పగలబడి నవ్వినాడు. "బడి ఎగ్గొట్టినోడు సారుకే పాఠం చెప్తాండాడప్పా! ఎవరన్నా బలపం ఇయ్యండి."

అందరూ నవ్వినారు. సారు నవ్వలేదు, నా వైపు చూడనూ లేదు. "గోడ మూల మాదిరి కనపడతాంది కదా. సంతకం పెట్టు ఓబులేసూ."

పెట్టినా.

పదహైదేండ్లకు రెండు పార్టీల పెద్దలూ ఒకే జెండా కిందికి వచ్చినారు. గట్టు మీద కాపలా పోయింది. గొలుసు తీసుకొని పోయి మూడో పక్క నేనే కొలిచినా. లంబకోణమైతే పదహారున్నర రావాల. ఇరవై వచ్చింది. మూల విచ్చుకున్న అధికకోణ త్రిభుజం. ఆ రెండు పక్కలకు మూల విచ్చుకున్నా ముడుచుకున్నా భూమి తగ్గేదే. అన్నిటికంటే ఎక్కువ వచ్చే లెక్కే నా నెత్తిన పెట్టినారు.

సారు ఇంటికి పోయినా. ముసలాయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

"గుర్తు లేదని నాకూ కనపడిందిరా. కాదంటే మూడో పక్క కొలవాల. ఎవడు పోతాడు? నువ్వే పోతావు. పొయ్యుంటే ఈ పొద్దు నన్ను అడిగేదానికి ఉండేవాడివి కాదు."

"నేను అడిగింది చేను లెక్క సార్. నా ప్రాణం లెక్క మిమ్మల్ని ఎవరు వెయ్యమన్నారు?"

ఆయన మంచం మీద జరిగి చోటిచ్చినాడు. నేను కూర్చోలేదు.

దస్తావేజులో ఇప్పటికీ ఐదెకరాల పాతిక సెంట్లనే ఉంది. నేను దున్నేది నాలుగెకరాల ఇరవై సెంట్లు. నాకు పోయింది ఎకరా ఐదు సెంట్లు.