పడవ మందు

మా పాలెం మగవాళ్ళకు ఒక ఆచారం ఉంది. కొత్త పడవ సముద్రంలోకి దిగిన రోజు దాని ముక్కు మీద మందు పోస్తారు. మిగిలింది, పడవకు చెయ్యేసి నెట్టిన ప్రతి మగవాడూ తాగాలి. తాగకపోతే పడవకు చేప పడదట. ఇది తాగుడు కిందికి రాదట, మొక్కట! ఏ కొట్లో కొన్న సీసా అయినా సరే, పడవకు తగలగానే తీర్థమైపోతుందన్నమాట. నోరు ఊరుకోక నేనేమైనా అంటే మా మామ ముత్యాలయ్య, "ఆడదానివి, నీకేం తెల్సు మేయ్" అంటాడు.

ఆ రోజు దిగింది మా పడవే. మా ఆయన పోలేరయ్య మరో ముగ్గురితో వేటకు పోయి, పొద్దెక్కేసరికి తిరిగొచ్చాడు. వేటకు పోయినవాళ్ళు చేప దించేదాకా మందు ముట్టరు. ఒడ్డున ఉన్నవాళ్ళకు ఆ అడ్డు లేదు కదా, అందరూ మొక్కు బాగా తీర్చుకుని కళ్ళెర్రగా కూర్చున్నారు. మా మరిది శివ కూడా. వాడు చేపల ఆటో తోలుతాడు. కిందటేడు తాగి తోలి పోలీసులకు దొరికాడు. కోర్టులో జరిమానా కట్టి, కొన్నాళ్ళు లైసెన్సు లేక ఇంట్లో కూర్చుని, నా పిల్లల మీద ఒట్టేసి మానేశాడు.

"ఏరా, ఒట్టేమైంది?" అన్నాను.

"ఇది పడవ మందు వదినా. దీనికి ఒట్టు తగల్దు," అని ఇకిలించాడు.

నేను ఇంకో మాట అనేలోపే, వలలోంచి చేపలు తీస్తున్న మా ఆయన చెయ్యి విదిలించాడు. చారల చారల సముద్రపు పాము ఒకటి ఇసుకలో పడి మెలికలు తిరిగింది. ఆయన వేలి మీద రెండు చుక్కలు. వాపు లేదు, నొప్పీ లేదు.

"ఏం కాలేదులే వనజా, ముల్లు గుచ్చుకున్నట్టుండాది," అన్నాడు.

కాసేపటికి మెడ పట్టేసిందన్నాడు. తర్వాత నోరు తెరవలేకపోయాడు. కనురెప్పలు వాలిపోతున్నాయి. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. 108కి ఫోన్ చేస్తే, బండి బయల్దేరింది, కదిలించకుండా పడుకోబెట్టండి అని చెప్పారు.

ఒడ్డున ఆటోలు వరసగా ఉన్నాయి. తోలేవాళ్ళూ ఉన్నారు, కానీ ఒక్కడి కాళ్ళూ నిలకడగా లేవు. ఆయనతో వేటకు పోయిన ముగ్గురూ మందు ముట్టలేదు గానీ, వాళ్ళకు పడవ తప్ప బండి తోలడం రాదు. మా ఒడ్డుకొచ్చే బండ్లవాళ్ళలో మందు ముట్టనివాడు ఐసు తెచ్చే తహీర్ ఒక్కడే. అతను ఐసు దించి ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం, ఒక్కదానికీ బండి తోలడం రాదు. ఎవరు నేర్పారు గనక!

"నేను తీసకపోతా వదినా," అని శివ తాళాలు తీశాడు.

"నువ్వొద్దురా. 108 వస్తా ఉండాది."

"అది వచ్చేదాకా అన్న ఉండొద్దా? నాకేం ఎక్కలేదు. కళ్ళు మూసుకోని తోల్తా ఈ రోడ్డు."

"అదేరా నా బయం!"

మామ నా మీదికి లేచాడు. "మొగుడు పోతా ఉంటే వాదనలేందే నీకు? పడవ మందు తాగినోడికి ఏం కాదు. ఎక్కు!"

నలుగురూ కలిసి మా ఆయనను ఎత్తి ఆటో వెనక పడుకోబెట్టేశారు. నా మాట వినేదెవరు? ఆయన ఒక్కణ్ణీ పంపలేక ఎక్కి, తల ఒళ్ళో పెట్టుకున్నాను. పాముకంటే ఆ తోలుడుకే ఎక్కువ భయపడ్డాను. రొయ్యల గుంటల మధ్య రోడ్డు మీద బండి ఈ అంచు నుంచి ఆ అంచుకు ఊగుతోంది. "మెల్లిగా పోరా, నీ చేతులు పడిపోను!" అని వెనకనుంచి అరుస్తూనే ఉన్నాను. ముందున్నవాడికి వినపడితే కదా.

కాలవ వంతెన మీద ఒక్క బండికే దారి. అవతల నుంచి సైరన్ వినిపించింది. తెల్ల బండి అప్పటికే వంతెన ఎక్కింది. శివ ఆపలేదు. ఆపాడేమో, బండి ఆగలేదు. మమ్మల్ని తప్పించబోయి ఆ బండి పక్కగోడ విరగ్గొట్టుకుని కాలవలోకి జారిపోయింది. మా ఆటో చక్రం వంకరపోయి గోడకు ఆనుకుని ఆగింది.

108 డ్రైవరు నుదుటి నెత్తురు తుడుచుకుంటూ పైకెక్కి వచ్చాడు. వెనకే చెయ్యి విరిగిన ఇంకొకతను, బండిలో వైద్యం చేసేవాడు. లోపలి ఆక్సిజనూ మందులూ నీళ్ళలో మునిగాయి.

"పాము కరిచింది ఈయన్నేనామ్మా?" అన్నాడు డ్రైవరు.

తలూపాను.

"మీకోసరమే వస్తా ఉండాం," అన్నాడు. ఇంకో బండి నెల్లూరు నుంచి రావాలని కూడా చెప్పాడు.

శివ రోడ్డు మీద కూలబడి, "కొట్టు వదినా నన్ను" అని ఏడ్చాడు. చంపేద్దామనిపించింది. చేతుల్లో ఈయన తల ఉంది.

అంతలో మా ఆయన ఊపిరి ఆగింది. చెయ్యి విరిగినతను నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు ఎలా మూయాలో, నోట్లో నోరు పెట్టి ఎలా ఊదాలో చెప్పాడు. ఊదాను.

అవతల కూడలిలో తనిఖీ చేస్తున్న పోలీసులు ఇద్దరు మోటారుసైకిలు మీద వచ్చారు. ఒకాయన నెల్లూరుకు ఫోన్ చేసి అరుస్తున్నాడు. ఇంకొకాయన శివ నోటికి మిషను పెట్టాడు.

"ఊదు. ఏడిస్తే కాదు, గట్టిగా ఊదు," అని మిషను చూశాడు. "ముప్పై దాటితేనే కేసు, నీది నూట అరవై. ఇది నీకు రెండోసారంట గదా? ఈసారి జైలే."

"ఆపొద్దమ్మా, ఊదతానే ఉండు," అన్నాడు నా పక్కనున్నతను.

వంతెనకు అటూ ఇటూ రోడ్డు ఖాళీగా ఉంది. నేను ఊదినప్పుడు మా ఆయన రొమ్ము లేస్తోంది. ఆపితే లేవడం లేదు.