పదిహేడు ఎర్ర గీతలు

ఆ ఎర్ర సిరా నేనే కలిపి ఇచ్చాను. కార్మికులారా, విద్యార్థులారా, ముందు ఈ మాట ఒప్పుకుంటేనే మిగతాది చెప్పే హక్కు నాకుంటుంది.

1945 ఫిబ్రవరి. బెంగళూరులో మా నేతపేట సర్కారు మిడిల్ స్కూల్లో నేను లెక్కల మాస్టర్ని. పేరు శ్రీనివాసులు. హెడ్‌మాస్టరు చంద్రశేఖరయ్య నా చేత ఒక పట్టిక వేయించాడు. ఎనిమిదో తరగతిలో నలభై ఇద్దరు. ఎవరి తండ్రి ఏం చేస్తాడు, అరసంవత్సరం పరీక్షలో ఎవరికి ఎన్ని మార్కులు. గుమాస్తాల పిల్లలు, అంగళ్లవాళ్ల పిల్లలు గట్టెక్కారు. మగ్గాల ఇళ్ల పిల్లలు పదిహేడు మందిలో పద్నాలుగు మంది తప్పారు.

"జబ్బెక్కడుందో తెలిసింది," అని ఆయన రిజిస్టరు తెరిచి ఆ పదిహేడు పేర్లూ వరసగా కొట్టేశాడు. పాసైన ముగ్గుర్నీ వదల్లేదు. లెక్కల్లో తరగతికే మొదటిది మునిలక్ష్మి. ఆ పిల్ల పేరు దగ్గర కూడా ఆయన చెయ్యి ఆగలేదు. మార్చిలో పబ్లిక్ పరీక్షకు ఇక మిగిలిన ఇరవై అయిదుగురే కూర్చుంటారు. నూటికి నూరు పాసు, ఆయనకు పై పదవి.

"కారణం ఏం రాయాలి సార్?" అని అడిగాను. ఆయన నవ్వి ఒక కాగితం నా ముందుకు తోశాడు.

అది నూలు డిపో నుంచి తెప్పించిన నకలు. యుద్ధకాలం, నూలుకు కంట్రోలు. ఇంట్లో పనిచేసే చేతులెన్నో చూసి నూలు ఇస్తారు. అందుకని పేటలో అందరూ పిల్లల పేర్లు కూడా మగ్గానికి నూలు కండెలు చుట్టే పనివాళ్లుగా రాయించి వేలిముద్ర వేశారు. అబద్ధమూ కాదు. ఆ పిల్లలు తెల్లవారుజాము నుంచి బడిగంట దాకా రాట్నం ముందు కూర్చుని, తర్వాత నా క్లాసులో కునికేవాళ్లు. కునికినందుకు వాళ్ల అరచేతుల మీద బెత్తంతో కొట్టాను కూడా.

"వాళ్లు పనివాళ్లు, విద్యార్థులు కారు. వాళ్ల నాన్నలే రాసిచ్చారు," అన్నాడు చంద్రశేఖరయ్య. నేను సిరా సీసాకు మూత పెట్టాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అమావాస్య నాడు మా పేటలో మగ్గం ఆడదు. ఆ పొద్దున పడుగులు సాగదీసే వీధిలో జనాన్ని కూడేసి అంతా చెప్పేశాను. డిపోలో పిల్లల పేర్లు తీయిస్తేనే బడిలో నిలుస్తాయన్నాను.

మగ్గాల సంఘం పెద్ద వెంకటగిరియప్ప తల పట్టుకున్నాడు. "పిల్లోళ్ల పేర్లు తీపిస్తే సగం నూలు కోసేస్తారప్పా. తినేదేమి? చదువు తింటామా?"

మునిలక్ష్మి తల్లి నంజమ్మ లేచింది. "నా బిడ్డ చేతులు రాయించి నూలు తెచ్చుకొంటిమి. ఆ చేతులే చూపించి వాడు బడిలోంచి తరిమినాడు. సిగ్గు గాదా మనకి?"

"అయితే నువ్వే పోయి నీ బిడ్డ పేరు తీపించుకో పో!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"నేనొక్కదాన్నే పోతే నా మగ్గమే నిలిచిపోతాది. అందరూ పోతే? మిలిట్రీ ఆసుపత్రికి గాయాలకి కట్టే బట్ట నేసేది ఎవురు? ఆ హెడ్మేష్ట్రు నేస్తాడా?"

వీధంతా నవ్వింది. పక్కింటి ఆదినారాయణప్ప అందుకున్నాడు. "నంజక్క చెప్పేది సరిగానే ఉండాది. పిల్లోళ్లు చదువుకొనేవాళ్లని రాయిస్తాం. మగ్గానికి తగిన నూలు ఇయ్యాల. ఇయ్యకుంటే పేటలో ఒక్క మగ్గమూ ఆడదు."

గంటసేపు ఒకరినొకరు తిట్టుకున్నారు. చివరికి వెంకటగిరియప్పే ముందుగా చెయ్యెత్తాడు.

మరుసటి రోజు నూట ఇరవై ఇళ్లవాళ్లు డిపో ముందు నిలబడి పిల్లల పేర్లు తీయించారు. అధికారి అక్కడికక్కడే సగం నూలు కోశాడు. అన్నమాట ప్రకారం పేటలో మగ్గాలన్నీ ఆపేశారు. నేను పిల్లల పేర్లు తీసేసిన కొత్త కాగితాలు తీసుకెళ్లి హెడ్‌మాస్టరు బల్ల మీద పెడితే, "ఆలస్యమైంది," అని చెత్తబుట్టలో పడేశాడు. నన్ను కె.ఆర్.పురం అవతల ఏదో బడికి బదిలీ చేయించాడు. నేను వెళ్లలేదు.

మూడు వారాలు పేట గంజితో గడిపింది. పిల్లలు మాత్రం రోజూ పడుగుల వీధిలో నా ముందు కూర్చున్నారు. రాట్నం లేదు కాబట్టి కంటినిండా నిద్రపోయి వచ్చేవాళ్లు. నేను మందమతులని తిట్టిన పిల్లలే గబగబా లెక్కలు చేసేశారు. ఇన్నేళ్లు నేను మార్కులు వేసింది వాళ్ల తెలివికి కాదు, నిద్రకు.

పరీక్ష మొదటి రోజు పేటంతా బడికి నడిచింది. పదిహేడు మందీ వరండాలో కాగితాలు పరుచుకుని కూర్చున్నారు. చుట్టూ అమ్మానాన్నలు నిలబడ్డారు.

"గలాటా చేస్తార్రా? జైలుకు పంపిస్తా!" అని హెడ్‌మాస్టరు గొంతు చించుకున్నాడు.

"పంపించు సామీ. బిడ్డలకి పరీక్ష కాగితం ఇచ్చి మమ్మల్ని పంపించు," అన్నాడు వెంకటగిరియప్ప.

పోలీసులొచ్చారు. మొదటి లాఠీ దెబ్బ ఆ ముసలాయన భుజం మీదే పడింది. అది కిటికీలోంచి చూసి లోపల రాస్తున్న గుమాస్తాల పిల్లలు కొందరు కలాలు పడేసి బయటికొచ్చేశారు. అందరూ కాదు, తొమ్మిది మంది. హెడ్‌మాస్టరు నూటికి నూరు అక్కడే పోయింది.

నంజమ్మను, ఆదినారాయణప్పను, నన్ను, ఇంకో ముప్పై మందిని లారీ ఎక్కించారు. పోలీసు దఫేదారు పుస్తకం తీసి పిల్లల వైపు తిరిగాడు.

"పేరు?"

"మునిలక్ష్మి."

"కండెలు చుట్టే పని. అట్లా రాసుకోండి," అని హెడ్‌మాస్టరు అందించాడు.

"కాదు సార్," అంది మునిలక్ష్మి. "చదువుకొంటా ఉండాను. ఎనిమిదో తరగతి."

దఫేదారు ఒకసారి ఇద్దర్నీ చూసి, ఆ పిల్ల చెప్పిందే రాశాడు. తర్వాతి పిల్ల అదే మాట గట్టిగా చెప్పింది. ఆ తర్వాతివాడు ఇంకా గట్టిగా చెప్పాడు. బడి కొట్టేసిన పదిహేడు పేర్ల పక్కన పోలీసు పుస్తకం విద్యార్థి, విద్యార్థి అని రాసుకుంటూ పోయింది.

లారీ కదిలింది. నంజమ్మ కమ్మీ పట్టుకుని వంగింది.

"లక్ష్మీ, రేపు ఏమి పరీక్షే?"

"ఇంగ్లీషు, అమ్మా!"

"పొద్దున్నే వచ్చి కూచో."

మరునాడు పక్కపేట మగ్గాలు కూడా ఆడలేదనీ, అక్కడి పిల్లలూ వచ్చి చేరేసరికి బడి వరండాలో చోటు చాలలేదనీ స్టేషన్లో మాకు తెలిసింది.